ది థింగ్: 1982 ఒరిజినల్ ముందు చూడాలా, 2011 ప్రీక్వెల్ ముందు చూడాలా?

వైజాగ్_సెకండ్‌షో
ఫ్రెండ్స్, హారర్ బాగానే చూస్తా కానీ ది థింగ్ ఇప్పటిదాకా మిస్సయ్యా. వెతికితే ఒకే పేరుతో రెండు వస్తున్నాయి, 1982లో జాన్ కార్పెంటర్ తీసింది ఒకటి, 2011లో వచ్చింది ఇంకోటి. రెండోది రీమేక్ అనుకున్నా, కాదంట, మొదటి కథకి ముందు ఏం జరిగిందో చూపిస్తుందంట. మరి కథ వరసలో 2011ది ముందు చూస్తే బెటరా? ఇంకో డౌట్, అంత పాత సినిమాలో ఎఫెక్ట్స్ ఇప్పుడు చూస్తే తేలిపోతాయా? క్లైమాక్స్‌లు మాత్రం చెప్పకండి ప్లీజ్.

రీలుడబ్బా
1982దే ముందు బ్రో, ఇందులో రెండో మాట లేదు. సినిమా మొదలవ్వడమే అంటార్కిటికా మంచులో ఒక కుక్క పరిగెడుతుంటుంది, వెనకాల హెలికాప్టర్‌లోంచి నార్వే వాళ్ళు తుపాకీతో కాలుస్తుంటారు, ఎందుకు కాలుస్తున్నారో మనకీ తెలీదు, అమెరికన్ క్యాంపులో ఉన్న పన్నెండు మందికీ తెలీదు, కుక్కని కాపాడి లోపలికి తీసుకెళ్తారు. తర్వాత ఆ కుక్క చప్పుడు చెయ్యకుండా కారిడార్‌లో నడిచి ఒక గదిలోకి వెళ్ళే షాట్ ఉంటుంది. రక్తం లేదు, అరుపు లేదు, అయినా ఒళ్ళు జలదరిస్తుంది. ప్రీక్వెల్ ముందు చూసేస్తే ఆ కుక్క సంగతి ముందే తెలిసిపోయి మొదటి అరగంట మొత్తం చప్పగా అయిపోద్ది.

అసలు భయం ఏంటంటే అందులో వేరే గ్రహం నుంచి వచ్చిన ఒక జీవి ఉంటుంది, అది ఎవర్ని పట్టుకుంటే అచ్చం వాళ్ళలా మారిపోతుంది, మాట, నడక, అలవాట్లు అన్నీ అవే. ఎవడు ఎప్పుడు మారాడో కార్పెంటర్ మనకి చూపించడు. హీరో కర్ట్ రసెల్ మిగతావాళ్ళని కట్టేసి, ఎవడు మనిషో ఎవడు కాదో తేల్చడానికి అందరి రక్తం తీసి, కాల్చిన వైరు ఒక్కొక్క గిన్నెలో పెట్టే సీన్ ఉంది చూడు, అక్కడ ఎన్నిసార్లు చూసినా నాకు ఊపిరాడదు. పైగా ఎన్నియో మోరికోనె మ్యూజిక్, ఏమీ జరక్కపోయినా గుండె కొట్టుకుంటున్నట్టు వెనకాల మోగుతూనే ఉంటుంది.

మోనిటర్_ముందు_మూర్తి
ఎఫెక్ట్స్ గురించి భయపడకండి. అవి చేసిన రాబ్ బొటీన్‌కి అప్పుడు ఇరవై రెండేళ్ళు, రబ్బరు, జెల్లీ లాంటివాటితోనే చేశాడు, పని ఎక్కువై చివరికి హాస్పిటల్‌లో చేరాల్సొచ్చింది. డాక్టర్ చేతులు తెగిపోయే సీన్‌కి నిజంగానే చేతులు లేని వ్యక్తిని పెట్టి, నకిలీ చేతులు తగిలించి తీశారు. అందుకే ఇప్పటికీ కడుపులో తిప్పేస్తుంది, ఆ వస్తువు నిజంగా ఆ గదిలో ఉంది కాబట్టి.

2011 వాళ్ళ విషయంలో నాకు కోపం కంటే బాధ ఎక్కువ. వాళ్ళూ ముందు నిజమైన బొమ్మలే చేయించారు, అమాల్గమేటెడ్ డైనమిక్స్ టీమ్ చేసిన ఆ పనితనం మేకింగ్ వీడియోల్లో కనిపిస్తుంది, అద్భుతంగా ఉంటుంది. షూటింగ్ అయ్యాక చాలావరకు వాటి మీద గ్రాఫిక్స్ కప్పేశారు. అంత కష్టపడి చేసిన చేతి పని అలా కనపడకుండా పోవడం నేను జీర్ణించుకోలేకపోయా.

సుధ_హారర్_క్లబ్
మూర్తి గారూ, గ్రాఫిక్స్ విషయంలో మీతో ఏకీభవిస్తా, కానీ ప్రీక్వెల్‌ని మొత్తం తీసిపారేస్తే నేనొప్పుకోను. పాత సినిమాలో కర్ట్ రసెల్ వాళ్ళు కాలిపోయిన నార్వే క్యాంపుకి వెళ్తారు కదా, అక్కడ తలుపులో దిగిన గొడ్డలి, గొంతు కోసుకుని కుర్చీలో గడ్డకట్టిపోయిన మనిషి, రెండు మొహాలు కలిసిపోయిన శవం కనిపిస్తాయి. 2011 వాళ్ళు వీటన్నిటికీ ఒక్కొక్కదానికీ కథ రాసుకుని సరిగ్గా అక్కడికే తీసుకొచ్చి ఆపారు, పాత సినిమా మీద ప్రేమ లేకపోతే ఆ పని చెయ్యలేరండి.

రక్తం టెస్టుని కూడా కాపీ కొట్టలేదు. ఆ జీవి లోహం లాంటి ప్రాణం లేని వాటిని తనలో కలుపుకోలేదని హీరోయిన్ కేట్ కనిపెడుతుంది, అందుకని టార్చి వేసి ఒక్కొక్కరి నోరు తెరిపించి పళ్ళలో ఫిల్లింగ్ ఉందా లేదా అని చూస్తుంది. ఫిల్లింగ్ ఉంటే మనిషే, లేకపోతే మాత్రం ఏదీ తేలదు, పళ్ళు బాగున్నవాళ్ళందరూ అనుమానితులే! మేరీ ఎలిజబెత్ విన్‌స్టెడ్ ఆ సీన్‌ని చాలా కంట్రోల్డ్‌గా చేసింది. నాకు నచ్చనిది ఆ తర్వాత భాగం. అనుమానం అంత బాగా పెంచి, దాన్ని వదిలేసి జీవి వెంటపడటం, వీళ్ళు పరిగెత్తడం అయిపోయింది. పాతదాంట్లో మనిషికి మనిషి భయపడతాడు, దీంట్లో అందరూ కలిసి మాన్‌స్టర్‌కి భయపడతారు, తేడా అంతా అక్కడే ఉంది.

వైజాగ్_సెకండ్‌షో
థాంక్స్ అందరికీ, 1982ది ముందు చూస్తా. 1951లో కూడా ఒకటి ఉందని ఎవరో అన్నారు, అది కూడా చూడాలా?

రీలుడబ్బా
అది ది థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్, అదీ జాన్ క్యాంప్‌బెల్ 1938లో రాసిన కథ నుంచే వచ్చింది, కానీ అందులో ఈ మనుషుల్లా మారిపోవడం ఉండదు, తీరిక ఉన్నప్పుడు చూడు. ఇంకో సంగతి బ్రో, 1982ది రిలీజైనప్పుడు సరిగ్గా ఆడలేదు, రెండు వారాల ముందే స్పీల్‌బర్గ్ సినిమా ఈటీ వచ్చి, ఏలియన్ అంటే మంచివాడే అన్న మూడ్‌లో జనం ఉన్నారు, క్రిటిక్స్ కూడా చాలామంది తిట్టారు. వీడియో క్యాసెట్లలో చూసి చూసి జనమే దాన్ని క్లాసిక్ చేశారు.

సుధ_హారర్_క్లబ్
ఒకటి మర్చిపోకండి, 2011ది చూసేటప్పుడు ఎండ్ క్రెడిట్స్ మొదలవగానే ఆపెయ్యకండి. పాత సినిమాతో ముడి పడే అసలు సీన్ ఆ క్రెడిట్స్ మధ్యలోనే వస్తుంది, దాంతో పాటు మోరికోనె ట్యూన్ కూడా. వీలైతే అది అవ్వగానే 1982 దాంట్లో మొదటి ఐదు నిమిషాలు మళ్ళీ పెట్టుకుని చూడండి.