సీటీ రిపోర్టులో 'నెక్రోసిస్' అంటే కుళ్లడమా?

మాది గుంటూరు, బాబాయి వాళ్లది తెనాలి దగ్గర పల్లె. ఆయన ఛాతీ సీటీ రిపోర్టులో 'నెక్రోసిస్' అని ఉంది, రిపోర్టు ఇచ్చిన చోట ఒకతను అది చూసి "లోపల కుళ్లింది" అన్నాడట. ఆ ఒక్క మాటకి మా పిన్ని ఆయన కంచం, గ్లాసు వేరు చేసేసింది. తప్పు ఆవిడది కాదు, కుళ్లు అంటే మనకి వాసన, పక్కదానికి అంటుకోవడం, గంపలో ఒక టమాటా కుళ్లితే మిగతావీ పోతాయి కదా. బాబాయిది అంటుకునే జబ్బే కాదు. అందుకే నెక్రోసిస్‌కి తెలుగులో ఏ మాట వాడాలా అని ఇది రాస్తున్నాను.

బయాప్సీలో (గడ్డ ముక్క తీసి చేసే పరీక్ష) ప్లియోమార్ఫిక్ కార్సినోమా అనే ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. సార్కోమటాయిడ్ అనే అరుదైన కోవలోది, ఊపిరితిత్తుల క్యాన్సర్లలో 1 శాతం కూడా ఉండదు గానీ చాలా తొందరగా పెరుగుతుంది, ఎక్కువగా పొగ తాగే మగవాళ్లలో వస్తుంది. గడ్డ అంత వేగంగా పెరిగేసరికి నడిమధ్యకి రక్తం అందక అక్కడి కణాలు చచ్చిపోతాయి, అదీ నెక్రోసిస్. నరానికి మందు ఎక్కించి సీటీ తీస్తే రక్తం ఆడే అంచు తెల్లగా కనిపిస్తుంది, మధ్యలో మసక మసగ్గా ఉండిపోతుంది. సీటీలో సాంద్రత కొలిచే లెక్కలో నీటికి 0, గాలికి మైనస్ 1000, ఈ చచ్చిన భాగం అంకె నీటికి దగ్గరగా వస్తుంది. చీముగడ్డ కూడా సీటీలో ఇంచుమించు ఇలాగే కనిపించొచ్చు, అందుకే కుళ్లు అన్నమాట నాకు ఇంకా భయం, ఇంట్లోవాళ్లు చీమే అనుకుని యాంటీబయోటిక్ వాడితే పోతుందని కూర్చుంటే?

నెక్రోసిస్‌కి తెలుగు మాటగా ఒకరు 'కణజాల క్షయం' అన్నారు. అర్థం సరిపోతుంది, కానీ ఊపిరితిత్తుల పక్కన క్షయ అనే అక్షరాలు కనపడితే ఎవరైనా టీబీ అనే చదువుతారు. 'చచ్చుబడింది' అంటే పక్షవాతం. 'పుచ్చింది' అంటే పురుగు పట్టిన వంకాయ. 'నిర్జీవ కణజాలం' పుస్తకంలో బాగానే ఉంటుంది, పిన్నికి చెప్పలేను.

నేను ఆవిడకి చెప్పింది ఇదీ: "గడ్డ గబగబా పెరిగింది పిన్నీ, మధ్యలోకి రక్తం అందక అక్కడ చచ్చిపోయింది, ఎవరికీ అంటదు." "నీళ్లందక మడి మధ్యలో నారు చచ్చినట్టా?" అంది. అవునన్నాను. ఆ రాత్రి ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని తిన్నారు.

రిపోర్టు కింద తెలుగులో రాయాల్సివస్తే నేనైతే 'రక్తం అందక చచ్చిన భాగం' అనే రాస్తాను. ఒక్క పదమే కావాలనేవాళ్లు చీమునీ టీబీనీ గుర్తుచేయని మాట ఏదైనా ఉంటే చెప్పండి, మీ ఊళ్లో పెద్దవాళ్లు వాడేదైనా సరే.