సంక్రాంతి వేడుకలో వెన్నుపాము స్టాలు: ఎవరెవరికి ఏ పని?

స్టాలు బాధ్యురాలు: న్యూజెర్సీ హాల్లో వెన్నుపాము దెబ్బల గురించి జనానికి చెప్పే మన స్టాలు అరిసెల బల్లకు ఎదురుగా వచ్చింది. జనానికి లోటుండదు. పోస్టరు నమూనా చూశాను, హెల్మెట్టు, బైకు బాగున్నాయి. కానీ శ్రీకాకుళం, విజయనగరం వాళ్లం పెట్టే స్టాల్లో కొబ్బరిచెట్టు లేకపోతే ఎలా? అమెరికాలో వెన్నుపాము దెబ్బలకు మొదటి కారణం వాహన ప్రమాదాలు, తర్వాతది పడిపోవడం. మన దేశంలో చాలా ఆసుపత్రుల లెక్కల్లో ఎత్తు నుంచి పడడమే ముందుంటుంది. చెట్టు, పిట్టగోడ లేని డాబా, పరంజా, నేలబావి. కవిటిలో మా తోట దింపు తీసే ఆయనకు కాళ్లకు తాడు బందం, నడుముకు కత్తి, అంతే. 2018లో తిత్లీ తుపానుకు తోట సగం కూలింది, మిగిలిన చెట్లు ఇప్పటికీ ఆయనే ఎక్కుతాడు. వాన వెలిసీ వెలవకముందే ఎక్కుతుంటే మా అమ్మ కేకలేస్తుంది. ఆయన వినడు.

పోస్టరు గీసే తమ్ముడు: చెట్టు గీస్తాను అక్కా. వయసు దగ్గర 'యువకులు' అని రాశాను, చాలునా?

స్టాలు బాధ్యురాలు: చాలదు. ఇక్కడ 1970ల్లో దెబ్బ తగిలేనాటి సగటు వయసు 29, ఇప్పుడు 40 దాటింది. పెద్దవాళ్లు ఇంట్లోనే జారిపడుతున్నారు. మనల్ని చూడటానికి వచ్చే అమ్మానాన్నలకు చెక్క మెట్లు, స్నానాల తొట్టి రెండూ కొత్తే. వాళ్ల కోసం ఒక బొమ్మ వేయి. మగవాళ్లు ఐదింట నాలుగు వంతులని కూడా రాయి. ఊళ్లో అయితే మంచాన పడేది సంపాదించే మనిషే.

ఫిజియోథెరపిస్టు: ప్రదర్శన నాకు వదిలేయండి. మన దగ్గర చెట్టు మీంచి పడ్డవాణ్ణి చంకలు ఒకరు, కాళ్లు ఒకరు పట్టుకుని ఆటోలో కుదేస్తారు. మెడ వేలాడుతూ ఉంటుంది. విరిగిన ఎముక కదిలితే అప్పటిదాకా బాగున్న నరాలు కూడా నలిగిపోతాయి. ఒకరు తల కదలకుండా పట్టుకోవాలి, మరో ముగ్గురు ఒక్కసారిగా దొర్లించి చెక్క మీదికి చేర్చాలి. లేపి కూర్చోబెట్టి నీళ్లు పట్టించకూడదు. ఆ తర్వాత రెండు గంటలకోసారి పక్క తిప్పడం గురించి కూడా చెబుతాను, మంచం పుండ్లు ఇంటికొచ్చాక ప్రాణం మీదికి తెస్తాయి. నాకో గట్టి చెక్క, పడుకోవడానికో మనిషి కావాలి.

కోశాధికారి: మా గ్యారేజీలో పాత తలుపు రెక్క ఉంది, తెస్తాను. పడుకోవడం నా వల్ల కాదు, 105 కిలోలు.

ఫిజియోథెరపిస్టు: మీరే కావాలి అన్నయ్యా. ఊళ్లో పడేవాళ్లు తూకం చూసుకుని పడరు. తలుపుకు గొళ్లెం ఉంటే ఊడదీసి తెండి.