‘అండర్ మిల్క్ వుడ్’: నలుగురం కూర్చుని చదవాలా, దీపం ఆర్పి వినాలా?

ఉప్పుగాలి:
మే 14 దగ్గర పడుతోంది. స్వాన్సీలో మేము కొందరం స్నేహితులం ఏటా ఆ రోజు ఎవరో ఒకరింట్లో చేరి వేల్స్ కవి డిలన్ థామస్ ‘అండర్ మిల్క్ వుడ్’ నాటకాన్ని పాత్రలు పంచుకుని చదువుకుంటాం. తెలియనివారికి రెండు ముక్కలు: వేల్స్ సముద్రతీరాన ఒక చిన్న ఊరు. వసంతకాలపు రాత్రి తెల్లవారకముందు మొదలై, మళ్లీ చీకటి పడేదాకా ఆ ఊరి జనం కనే కలలు, ఆడే మాటలు, దాచుకునే గుట్లు. అంతే. 1954 జనవరి 25న బీబీసీ ప్రసారం చేసింది. అప్పటికి థామస్ పోయి రెండున్నర నెలలు.

ఈసారి చదవడం మానేసి, నటుడు రిచర్డ్ బర్టన్ గొంతుతో ఉన్న ఆ రికార్డింగు విందామని ఒకాయన పట్టుబడుతున్నారు. నాకు మనసొప్పడం లేదు. మిసెస్ ఆగ్‌మోర్ ప్రిచర్డ్ చచ్చిపోయిన ఇద్దరు మొగుళ్లనూ కలలో నిలబెట్టి, చేయవలసిన ఇంటిపనులు అప్పజెప్పించుకుంటుంది. చివరికి ఎండను లోపలికి రానిచ్చే ముందు బూట్లు తుడుచుకుందో లేదో చూడాలట! అక్కడికి రాగానే మా వదిన నవ్వు ఆపుకోలేక పుస్తకం మూసేస్తుంది. ప్రతి ఏడూ ఇంతే. ఆ నవ్వు రికార్డింగులో ఎక్కడ దొరుకుతుంది?

శ్రోత72:
వినాలి. ఇందులో చర్చ ఏముంది? థామసే దీన్ని ‘గొంతుల నాటకం’ అన్నాడు. కెప్టెన్ క్యాట్ గుడ్డివాడు. కిటికీ దగ్గర కూర్చుని, అడుగుల చప్పుడును బట్టి వీధిలో ఎవరు పోతున్నారో చెబుతాడు. రేడియో ముందు కూర్చున్న మనమూ అంతే కదా. నా వంతు ఎప్పుడు వస్తుందా అని కాగితం మీద వేలు పెట్టుకుని వెతుక్కునేవాడికి ఆ అడుగులు ఏం వినిపిస్తాయి?

చెరువుగట్టు:
మా ఇంట్లో విజయవాడ కేంద్రం నాటకం వస్తుంటే నాన్నగారు గిన్నె చప్పుడు కూడా కానిచ్చేవారు కాదు. నా ఓటు వినడానికే.

అక్షరాభిమాని:
ముందు ఆ ఊరి పేరు తెలుగులో ఎలా రాయాలో తేల్చండి. ‘లారెగబ్’ అని రాసినవారిని చూశాను. తప్పు. మొదట ఉన్నవి రెండు ‘ఎల్’లు. నాలుకను ‘ల’ దగ్గర ఆనించి, పక్కల నుంచి గాలి ఊదాలి. ‘హ్ల’ అంటే కొంత నయం.

ఉప్పుగాలి:
శ్రోత గారూ, బీబీసీకంటే ముందే, 1953 మే 14న న్యూయార్క్‌లో దీన్ని వేదిక మీద చదివారు. థామస్ కూడా చదివాడు. చివరి పుటలు ఆఖరి క్షణం దాకా రాస్తూనే ఉన్నాడు. మేము ఆ తేదీన కలిసేది అందుకే. చదవడమే తొలి రూపం.

శ్రోత72:
చదివినవాళ్లు నటులు. మీరు నటులా? బర్టన్ వేల్స్ బొగ్గుగని కార్మికుడి కొడుకు, వెల్ష్ మాట్లాడే ఇంట్లో పుట్టినవాడు. ఆ మాటలకు ఆ నేల యాస కావాలి. అది లేనివాళ్లు చదివితే బడిపిల్లల అప్పజెప్పుడులా ఉంటుంది.

ఉప్పుగాలి:
న్యూయార్క్‌లో థామస్ పక్కన చదివిన నటులు అమెరికన్లు! థామస్‌కే వెల్ష్ రాదు. తల్లిదండ్రులకు వచ్చు, కొడుక్కి మాత్రం నేర్పలేదు. పైగా ఉచ్చారణ పాఠాలకు పంపి, ఉన్న యాస కూడా పోగొట్టారు. ఇంతకీ మీరు కోరే ఆ యాస ఎవరిది?

అక్షరాభిమాని:
నా ప్రశ్నకు జవాబు లేదు. ఆ పేరును ఇంగ్లీషులో తిరగేసి చదివితే ‘ఏమీ లేదు’ అనే అర్థంలో వాడే ఒక మొరటు మాట. 1954 ముద్రణలో మర్యాద కోసం అక్షరాలే మార్చారు. తెలుగు లిపిలో తిరగేస్తే ఆ కొంటెతనం ఉంటుందా? ఎవరూ పట్టించుకోరు.

శ్రోత72:
యాస ఎవరిదని నన్ను అడుగుతున్నావా? మూడేళ్ల క్రితం మీ ఇంట్లోనే ఆ ఊరి పాదిరి, రెవరెండ్ ఈలై జెంకిన్స్ ఉదయపు పద్యం నాకు ఇచ్చారు. అందులో అన్నీ వేల్స్ కొండల పేర్లూ నదుల పేర్లూ. కాడెర్ ఇడ్రిస్ దాటానో లేదో నవ్వులు. మూడుసార్లు దిద్దారు, మూడుసార్లూ మొదటి నుంచి చదివించారు. ముందుగా నవ్వింది నువ్వు గొప్పగా రాసిన ఆ వదినగారే. మరుసటి ఏడు నాకు దక్కిన పాత్ర ఏమిటి? లార్డ్ కట్-గ్లాస్ ఇంట్లో గడియారాలు. మాటలు లేవు. టిక్కు టిక్కు మనడం. నలభై ఏళ్లుగా ఇంగ్లీషు మాట్లాడి బతుకుతున్నవాణ్ణి నేను!

పక్కింటి బామ్మ:
ఎన్ని గడియారాలు?

శ్రోత72:
అరవై ఆరు.

ఉప్పుగాలి:
అన్నయ్యా, మీరా! గడియారాలు వచ్చేదాకా గుర్తుపట్టలేదు. మొన్న ఫోనులో బర్టన్ గురించి గంటసేపు చెప్పారు, ఈ ముక్క మాత్రం చెప్పలేదు. వదిన మీ యాసకు నవ్వలేదని బుకాయించను. యాసకే నవ్వింది. నేనూ నవ్వాను. పాత్రలు పంచింది కూడా నేనే. గడియారాలు మీకు సరదాగా ఉంటాయనుకున్నాను, నిజంగానే. ఈసారి ఈలై సాయంకాలపు ప్రార్థన మీరు చదవండి.

శ్రోత72:
ఈలై వద్దు. కెప్టెన్ క్యాట్ ఇస్తే వస్తాను. చనిపోయిన రోజీ ప్రోబర్ట్‌తో ఆయన మాట్లాడేచోట కొండల పేర్లు లేవు, చూసుకున్నాను. అక్కడ ఎవరైనా నా ఉచ్చారణ దిద్దితే లేచి వెళ్లిపోతాను. ముందే చెబుతున్నాను. బర్టన్ రికార్డింగు భోజనాల తరువాత, దీపాలు ఆర్పి.

ఉప్పుగాలి:
సరే. రెండూ ఉంటాయి.

అక్షరాభిమాని:
‘హ్ల’ ఖాయం చేసుకోమంటారా?

పక్కింటి బామ్మ:
మరి గడియారాలు ఎవరికి?

ఉప్పుగాలి:
వదినకు.