రాత్రి భోజనం, సాయంత్రపు సీరియళ్లు, తెల్లవారుజామున యోగా: ఈ మూడూ పొసగేదెలా?

ప్రశ్న (విజయవాడ నుంచి)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో నలుగురం ఉంటాం: నేను, మావారు, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, డెబ్బై ఏళ్లు దాటిన మా అత్తగారు. నేను ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరున్నర అవుతుంది. అప్పుడు వంట మొదలుపెడితే ఏడున్నరకల్లా అన్నం, పప్పు, ఒక కూర, చారు సిద్ధమవుతాయి. అయితే ఏడింటి నుంచి తొమ్మిదిన్నర వరకు అత్తగారికి వరుసగా సీరియళ్లు ఉంటాయి. అందరం కలిసి తినడం మామగారు ఉన్న రోజుల నుంచీ వస్తున్న అలవాటు కావడంతో, సీరియళ్లు అయ్యేదాకా ఎవరమూ కంచం ముందు కూర్చోము. భోజనం ముగిసి, గిన్నెలు సర్ది, పక్క మీదికి చేరేసరికి పదిన్నర దాటుతుంది.

ఉదయం ఐదింటికి లేచి సూర్య నమస్కారాలు చేసే అలవాటు నాకు చాలా కాలంగా ఉంది. ఈ మధ్య పొట్ట బరువుగా ఉంటోంది. పాదహస్తాసనంలో ముందుకు వంగితే చాలు, రాత్రి తిన్న చారు పులుపు గొంతులోకి వస్తోంది. పడుకోవడానికి కనీసం రెండు మూడు గంటల ముందే భోజనం ముగించాలని వైద్యులు చెప్పారు.

దయచేసి టీవీ కట్టేయమని మాత్రం సలహా ఇవ్వకండి. మామగారు పోయిన తర్వాత, పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండే ఆవిడకు ఆ రెండున్నర గంటలు ఎంత ఆసరాగా ఉంటున్నాయో నాకు తెలుసు. ఆవిడ మనసు కష్టపెట్టకుండా భోజనం ముందుకు జరపడం ఎలా? పుల్కాలు ఆవిడకు నచ్చవు. అరగంటలో అయ్యేవి, తేలికగా అరిగేవి, ఆవిడ ఇష్టంగా తినేవి ఏమున్నాయి?

సమాధానం 1 (కాకినాడ నుంచి)

అమ్మాయీ, ముందుగా ఒక మాట. ఆ రెండున్నర గంటల్లో మీ అత్తగారు నిజంగా మనసుపెట్టి చూసేది ఏ సీరియలో, టీవీ ఎలాగూ నడుస్తోంది కదా అని చూసేది ఏదో, ఒక వారం పాటు ఆవిడ పక్కన కూర్చుని గమనించండి. సాధారణంగా ఒకటో రెండో ప్రాణంగా ఉంటాయి, మిగిలినవి వాటి వెనకాలే వస్తాయి. వదులుకోగలిగిన అరగంట ఏదో ఆవిడ నోటితోనే చెప్పించండి. మీరు నిర్ణయించి చెబితే అది ఆజ్ఞలా వినిపిస్తుంది. నేనూ అత్తగారినయ్యాను కనుక ఈ సంగతి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక వంట. పప్పు, కూర, చారు, అన్నం అన్నీ రాత్రికి మళ్లీ కొత్తగా వండాలని పట్టుబట్టకండి. ఆ పూర్తి వంట పొద్దున్నకు ఉంచుకుని, రాత్రికి ఒకే వంటకం, ఒక పచ్చడి పెట్టుకోండి. పెసరట్టుకు మించినది నాకు తెలియదు. పిండి పులియనక్కర్లేదు, ఐదారు గంటలు నానితే సరిపోతుంది. మీరు ఆఫీసుకు వెళుతూ పెసలు నానబోసి వెళితే, మధ్యాహ్నం ఆ నీళ్లు వంపి గిన్నె ఫ్రిజ్‌లో పెట్టే పని అత్తగారు చూసుకుంటారు. ఎండాకాలం మీ బెజవాడ వేడికి ఎక్కువసేపు బయట ఉంచితే పెసలు వాసన వస్తాయి, అది మాత్రం మరచిపోవద్దు. మీరు వచ్చాక అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి రుబ్బుకుని అట్లు పోయడమే.

మా వైపు రాత్రి పూట ఉప్పిండి కూడా చేస్తాం. మందపాటి గిన్నెలో నూనె వేసి ఆవాలు, మినప్పప్పు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో పోపు పెట్టి, గ్లాసు బియ్యపు రవ్వకు రెండు గ్లాసుల నీళ్లు పోసి, నానిన పెసరపప్పు గుప్పెడు వేసి, నీళ్లు తెర్లాక రవ్వ పోసి మూత పెట్టాలి. అక్కడి నుంచి మంట బాగా తగ్గించి కదపకుండా వదిలేయాలి. పైన పొడిపొడిగా, అడుగున ఎర్రగా చెక్క కట్టాలి. ఆ మాడు చెక్క కోసం మా ఇంట్లో పిల్లలూ పెద్దలూ పోటీపడేవారు. వంకాయ కాల్చి చేసిన పచ్చడి దానికి సరైన జోడు.

ఇంకొకటి. సీరియల్ చూసే చేతులకు పని ఉంటే చూసేవారికీ బాగుంటుంది. మర్నాటి చిక్కుడుకాయల ఈనెలు తీయడం, బీరకాయ చెక్కు తీయడం, గోంగూర ఒలవడం వంటివి ఆవిడకు అప్పగించండి. పొట్లకాయ తరగమంటే మాత్రం కత్తిపీట ముందు పెట్టుకుని టీవీ చూడవలసి వస్తుంది, ఆ పని వద్దు. వంటకు, సీరియళ్లకు పొత్తు లేదని ఎవరూ అనుకోనక్కర్లేదు. 2017లో స్టార్ మాలో మొదలైన ‘కార్తీకదీపం’లో దీప పాత్రను తెలుగు ఇళ్లన్నీ ‘వంటలక్క’ అనే పిలుచుకున్నాయి. అంత అభిమానంగా చూసిన వారికి వంటింటి మాటలు తప్పకుండా రుచిస్తాయి.

సమాధానం 2 (హనుమకొండ నుంచి, యోగా నేర్పుతుంటాను)

నమస్కారం మేడమ్. మీ ఇబ్బంది నేను తరచుగా వినేదే. సూర్య నమస్కారంలోని పన్నెండు స్థితుల్లో పాదహస్తాసనం రెండుసార్లు వస్తుంది, మధ్యలో భుజంగాసనం ఉంటుంది. మొదటిది పొట్టను మడుస్తుంది, రెండోది దాన్ని నేలకు ఆనించి సాగదీస్తుంది. భోజనం చేసిన కాసేపటికే పడుకున్నప్పుడు జీర్ణాశయంలోని పులుపు పైకి ఎగదన్నే అలవాటు పడిన వారికి, తెల్లవారాక కూడా తల కిందికి వంచే ఆసనాల్లో ఆ బాధ తెలుస్తుంది. భోజనం ఆలస్యం కాక తప్పని రోజు మర్నాడు ముందుకు వంగేవన్నీ మానేసి తాడాసనం, మార్జాలాసనం, ఆ తర్వాత ముక్కు రంధ్రాలు మార్చి మార్చి శ్వాసించే నాడీశోధన ప్రాణాయామం చేసుకోండి. పొట్టను లోపలికి లాగుతూ శ్వాసను వేగంగా బయటికి నెట్టే కపాలభాతి జోలికి ఆ రోజు వెళ్లకండి.

మీరు ఉదయం ఐదు గంటలను అంతగా పట్టుకోవలసిన అవసరం ఉన్నదా అని కూడా ఆలోచించండి. ఆసనాలకు కావలసింది ఖాళీ కడుపు, అది తెల్లవారుజామునే దొరకాలని లేదు. ఒంటి గంటకు భోంచేసిన వారికి సాయంత్రం ఆరున్నరకు కడుపు ఖాళీగానే ఉంటుంది, పైగా పొద్దుటికన్నా కీళ్లు, కండరాలు చక్కగా వంగుతాయి. నాలుగింటికి పకోడీలు తినకపోతే చాలు. ఇంటికి రాగానే అరగంట ఆసనాలు, ఆ వెంటనే పావుగంట శవాసనం. లేచి పెసరట్టు పోసుకునేసరికి ఆకలి బాగా తెలుస్తుంది. తెల్లవారుజామున ప్రాణాయామం, ధ్యానం మిగుల్చుకోండి.

మీ అత్తగారిని కూడా ఇందులో కలుపుకోండి. ఆయుష్ మంత్రిత్వ శాఖ వారు అంతర్జాతీయ యోగా దినోత్సవం కోసం రూపొందించిన 45 నిమిషాల ఉమ్మడి అభ్యాస క్రమం ప్రార్థన తర్వాత మెడ, భుజాలు, నడుము, మోకాళ్లను వదులు చేసే చాలన క్రియలతో మొదలవుతుంది. మెడనూ భుజాలనూ కదిపే క్రియలను కుర్చీలో కూర్చునే, ప్రకటనలు వచ్చే సమయంలో కూడా చేయవచ్చు. చీలమండలను గుండ్రంగా తిప్పడం, కాలు ముందుకు చాచి మోకాలి చిప్పను బిగించి వదలడం వంటివి గంటల తరబడి కూర్చునే పెద్దవారికి ఎంతో మేలు చేస్తాయి. భోజనం తర్వాత వజ్రాసనం మంచిదని అందరూ చెబుతారు, అది మీకు, మీ అమ్మాయికి సరిపోతుంది. మోకాళ్ల నొప్పులు ఉన్న పెద్దవారిని మాత్రం అందులో కూర్చోబెట్టకండి. ఆవిడకు రక్తపోటు ఉంటే శ్వాసను బంధించే కుంభకం చేయించవద్దు, తుమ్మెదలా ఝుంకరిస్తూ శ్వాస వదిలే భ్రామరి చాలు.

కాకినాడ అమ్మగారు చెప్పిన దాంట్లో ఒక్కచోట నా అభిప్రాయం వేరు. చిక్కుడుకాయలు ఒలవడం బాగానే ఉంది, కానీ ఏం చేసినా తినే కాసేపైనా టీవీ ఆగి ఉండాలి. కథలో పడ్డ మనిషికి ఎంత తిన్నదీ తెలియదు, సరిగా నమలడమూ ఉండదు.

సమాధానం 3 (టెక్సాస్ రాష్ట్రం, ఫ్రిస్కో నుంచి)

మా అమ్మ ఏటా కొన్ని నెలలు మా దగ్గర ఉంటారు. వేసవిలో మాకూ ఇండియాకూ పదిన్నర గంటల తేడా ఉంటుంది కాబట్టి అక్కడ రాత్రి ఎనిమిదింటి సీరియల్ ఇక్కడ ఉదయం తొమ్మిదిన్నరకు వస్తుంది. నేను పనిలో ఉంటాను కనుక మేమిద్దరం ఆ ఎపిసోడ్లను సాయంత్రం భోజనం అయ్యాక యాప్‌లో చూస్తాం. అరగంట సీరియల్‌లో ప్రకటనలు తీసేస్తే ఇరవై నిమిషాల కథే ఉంటుంది. ఆ లెక్కన మీ అత్తగారి రెండున్నర గంటలు గంటన్నర, గంటా నలభై నిమిషాల దగ్గరికి వచ్చేస్తాయి. ఎనిమిదింటికి మొదలుపెట్టినా తొమ్మిదిన్నర దాటి కాసేపటికే పూర్తవుతాయి.

అయితే ఇది అనుకున్నంత తేలికగా జరగలేదు, ఆ కారణం మీకూ పనికొస్తుందని చెబుతున్నాను. అమ్మ మొదట్లో యాప్‌లో చూడటానికి ఇష్టపడలేదు. తాను చూసేలోపే నెల్లూరులో ఉన్న పిన్ని ఫోన్ చేసి కథ చెప్పేస్తున్నారన్నది ఆవిడ బాధ. ఆవిడకు సీరియల్ ఎంత ముఖ్యమో, అది అయిన వెంటనే చెల్లెలితో మాట్లాడుకునే పది నిమిషాలు అంతకన్నా ముఖ్యమని అప్పుడు నాకు అర్థమైంది. అందుకే ఒక సీరియల్‌ను ఉదయం ప్రసారమయ్యే వేళకే చూస్తారు, వెంటనే పిన్నితో మాట్లాడతారు. మిగిలినవి సాయంత్రానికి ఉంచుతారు. మీ అత్తగారికి కూడా అలా మాట్లాడుకునే తోడు ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి. ఆ ఒక్క సీరియల్‌నూ మాత్రం కదపకండి.

సమాధానం 4 (నిజామాబాద్ నుంచి)

అక్కా, అన్నీ చదివాను. పెసరట్టు మంచిదే, ఉప్పిండి రుచి గురించి కూడా మాట్లాడనక్కర్లేదు, కానీ పొద్దున అన్నం తిని రాత్రి మళ్లీ బియ్యపు రవ్వే తింటే పెద్ద మార్పు ఏమున్నది? మా ఇంట్లో రాత్రికి జొన్నరొట్టె తప్పనిసరి. జొన్నపిండిలో గోధుమపిండికి ఉండే సాగే గుణం ఉండదు కనుక మరిగే నీళ్లు పోసి కలిపి, వేడి ఆరకముందే మెదిపి, చేత్తో తట్టాలి. పెనం మీద వేశాక పైన నీటిచేయి అద్ది తిప్పాలి. పక్కన తోటకూర పప్పు గానీ వంకాయ కూర గానీ ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. పెనం మీది నుంచి దిగుతున్నప్పుడే తినాలి, చల్లారితే గట్టిబడుతుంది. ‘రొట్టె చల్లారుతున్నది’ అంటే ఎంత ఇష్టమైన సీరియల్ అయినా మా అమ్మ లేచి వస్తుంది.

పచ్చళ్ల సంగతి కూడా చెప్పాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో ఉప్పు రోజుకు 5 గ్రాములు మించవద్దని, కూరగాయలు 400 గ్రాముల దాకా తినాలని ఉన్నది. రాత్రి పూట కూర మానేసి పచ్చడితో సరిపెడితే ఈ రెండూ తలకిందులవుతాయి. అత్తమ్మకు రక్తపోటు ఉంటే మరీ జాగ్రత్త. పెసరట్టుతోనైనా సరే, సొరకాయ కూరో బీరకాయ కూరో ఒకటి ఉండేట్టు చూడండి.

చివరగా, మీ ప్రశ్న మొత్తంలో బావగారు వంటింట్లోకి ఒక్కసారి కూడా రాలేదు. తొమ్మిదో తరగతి అమ్మాయికి అట్టు పోయడం కష్టమేమీ కాదు. ఉద్యోగం చేసి వచ్చిన మనిషి ఒక్కతే అరగంటలో అన్నీ చేయాలన్న లెక్క నాకు సరైనదిగా అనిపించలేదు. మా ఇంట్లో పిండి కలిపేది నేను, తట్టేది నా భార్య.

ప్రశ్న అడిగినవారు (విజయవాడ)

అందరికీ కృతజ్ఞతలు. కాకినాడ అమ్మగారు చెప్పినట్లు అత్తగారినే అడిగాను. ఎనిమిదింటికి వచ్చే ఒక్క సీరియల్ తప్పితే మిగిలినవి పోయినా ఫర్వాలేదని ఆవిడే అన్నారు. మధ్యాహ్నం తిరుమల నుంచి ఎస్వీబీసీలో వచ్చే శ్రీవారి కల్యాణోత్సవం, ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మాత్రం వదలనని చెప్పారు. 1996లో బాలసుబ్రహ్మణ్యం గారు ఆ కార్యక్రమం మొదలుపెట్టినప్పటి నుంచీ మామగారితో కలిసి చూసేవారట, ఇప్పుడు వారి అబ్బాయి చరణ్ గారు నిర్వహిస్తున్నా అదే శ్రద్ధతో చూస్తారు. నాకూ అది ఇష్టమే కనుక ఆ పూట ఇద్దరం కలిసి చూస్తాం. సీరియల్ ఎవరితోనైనా మాట్లాడుకుంటారా అని అడిగితే, ఎదురింటి ఆవిడతో మర్నాడు పువ్వులు కోసుకుంటూ మాట్లాడుకుంటారని తెలిసింది.

ఆసనాలు సాయంత్రానికి మార్చి చూస్తాను. ఏడుంబావుకు భోజనమని అనుకున్నాం. మావారు తొమ్మిదింటికి గానీ దుకాణం మూసి రాలేరు కనుక ఆయన విడిగా తినవలసి వస్తుంది. అందరం కలిసి తినే అలవాటు పోతుందని అత్తగారు కొంచెం బాధపడ్డారు, దానికి ఇంకా దారి కనిపించలేదు. ఆదివారాలైనా కలిసి తినాలని అనుకుంటున్నాం. నిజామాబాద్ తమ్ముడిని ఒక సంగతి అడగాలి: అత్తగారికి పళ్లు సరిగా లేవు, జొన్నరొట్టె నమలలేరు. జొన్నలతో మెత్తగా అయ్యేది ఏదైనా ఉందా?

సమాధానం (నిజామాబాద్ నుంచి)

ఉన్నది అక్కా, జొన్న గటక చేయండి. జొన్నరవ్వను పొద్దున్నే నానబెట్టండి. రాత్రికి ఒక గ్లాసు రవ్వకు నాలుగు గ్లాసుల నీళ్లు మరిగించి, కొద్దిగా ఉప్పు వేసి, నానిన రవ్వను పోస్తూ గరిటెతో కలుపుతూ ఉండండి, లేకపోతే ఉండలు కడుతుంది. తర్వాత చిన్న మంట మీద మూత పెట్టి, మధ్యమధ్య అడుగంటకుండా తిప్పుతూ, గింజ వేళ్ల మధ్య నలిగేంత మెత్తగా ఉడకనివ్వండి. వేడిగా ఉన్నప్పుడు పప్పుతో గానీ పుంటికూర (మీ గోంగూరే) కలిపిన పప్పుతో గానీ తినవచ్చు. బావగారు వచ్చేసరికి మిగిలినది గట్టిపడుతుంది. దాన్ని చేత్తో మెదిపి, చల్ల పోసి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ వేసి ఇవ్వండి, మళ్లీ వేడి చేయనక్కర్లేదు.