ఏఐ రాసిన కోడ్ రివ్యూకే రోజంతా పోతోంది, మీకూ ఇంతేనా?

ప్రశ్న: పాత జావా ప్రాజెక్ట్‌ని స్ప్రింగ్ బూట్ 3 అనే ఫ్రేమ్‌వర్క్ వెర్షన్‌కి మారుస్తున్నాం. కోడ్‌లో జావాఎక్స్ (javax) అనే పాత ప్యాకేజీ పేర్లతో ఉన్న ఇంపోర్టుల్ని జకార్తా (jakarta) అనే కొత్త పేర్లకు మార్చే చాకిరీ అంతా ఏఐ అసిస్టెంట్ చకచకా చేసేస్తోంది, కానీ జావాఎక్స్ డాట్ ఎస్‌క్యూఎల్ లాంటి వాటినీ మార్చేస్తోంది, అవేమో జేడీకేలోవి, అంటే జావాతో పాటే వచ్చేవి, ముట్టుకోకూడదు. ఒక్కో ఫైల్ చూసుకోలేక టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: దీనికి ఏఐ ఎందుకండీ? కోడ్‌ని ఆటోమేటిక్‌గా మార్చే ఓపెన్‌రీరైట్ టూల్‌లో దీనికి రెడీమేడ్ రెసిపీ (మార్పుల రూల్స్ సెట్) ఉంది, ఎన్నిసార్లు నడిపినా ఒకేలా మారుస్తుంది. ఏఐతో టెస్టులు రాయించుకోండి.

జవాబు 2: టెస్టులతోనూ జాగ్రత్త అన్నా. ఏఐకి కోడ్ మాత్రమే చూపిస్తే, ఆ కోడ్ ఇప్పుడు ఇస్తున్న ఫలితమే కరెక్ట్ అనుకుని టెస్ట్ రాసేస్తుంది, బగ్ ఉన్నా టెస్ట్ పాస్ అయిపోతుంది. ముందు రిక్వైర్‌మెంట్ ఇవ్వు, కోడ్ తర్వాత. నా మట్టుకు పాత కోడ్ అర్థం చేసుకోవడానికే ఏఐ ఎక్కువ ఉపయోగం.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ, రేపు ఒక మాడ్యూల్‌పై రెసిపీ నడిపి చూస్తా.