వరద దేవుడి హెచ్చరికేనా? అయితే పశ్చాత్తాపపడవలసింది ఎవరు?

పాలకొండలు (కడప):
మా పేటలో ఈ మధ్య ఒక ఆధ్యాత్మిక సభ జరిగింది. 2009లో కర్నూలు మునగడం, 2021లో చెయ్యేరు నది ఊళ్ళ మీద పడడం రెండూ పైవాడు చేసిన హెచ్చరికలేనని వక్త చెప్పారు. ఇప్పటికైనా మారకపోతే రాబోయేది ఇంతకు పదింతలట. వింటున్నవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. నేను నాస్తికుణ్ణి కాదు, దేవుడు హెచ్చరిస్తాడంటే నమ్ముతాను కూడా. నాకు అర్థం కానిది ఒకటే: ఆ హెచ్చరిక ఎవరికి? మునిగినవాడికా, గట్టున నిలబడి చూసినవాడికా? మతం ఏదైనా ఫరవాలేదు, అభిప్రాయాలు రాయండి. తిట్లు వద్దు.

హంద్రీ ఒడ్డు (కర్నూలు):
మునిగినవాళ్ళలో మేమూ ఉన్నాం కాబట్టి ముందు నేనే రాస్తాను. 2009 అక్టోబరు 2. శ్రీశైలానికి వరద ఇరవై అయిదు లక్షల క్యూసెక్కులు దాటింది, జలాశయం 885 అడుగుల పూర్తి మట్టాన్ని మించిపోయింది. ఇటు తుంగభద్ర, అటు హంద్రీ, కిందికి పోవలసిన నీళ్ళకు దారి లేదు. నీళ్ళు తీశాక ఇంటికి వెళితే బీరువా అడుగు అరలోని పట్టుచీరల మడతల్లో కూడా ఒండ్రు. ఎండాక ఆ చీరలు విప్పబోతే పలకల్లా విరిగాయి. ఆ నీళ్ళు మంత్రాలయం మఠంలోకీ వచ్చాయి. అవతలి ఒడ్డున అలంపురం గుడినీ వదలలేదు. పాతబస్తీలో మసీదనీ చర్చి అనీ చూడలేదు. హెచ్చరిక పంపేవాడు చిరునామా చూసుకోడా?

సీడెడ్ బాబాయి (బనగానపల్లె):
అంత వెటకారం అక్కర్లేదు నాయనా. బ్రహ్మంగారు మా ఊళ్ళో కూర్చుని కాలజ్ఞానం రాసింది ఎందుకు? జనం జాగ్రత్తపడాలని. యాగంటి గుడిలోని రాతి బసవన్న పెరుగుతున్నాడని, కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని చిన్నప్పటినుంచీ వింటున్నాం. ఆ మాట విన్నవాడు తప్పు చేయడానికి కాస్త జంకుతాడు. ఇప్పుడు ఆ జంకు లేదు. ఏటి ఇసుక తోడేస్తున్నది, చెరువు కట్ట దున్నేస్తున్నది దేవుడి భయం పోయినవాళ్ళే. పోలీసు భయం ఎలాగూ లేదు. దైవభయమూ తీసేస్తే ఇక మిగిలేది ఏమిటి?

హంద్రీ ఒడ్డు:
బాబాయి గారూ, ప్రతి వరదకూ ప్రతి జబ్బుకూ కాలజ్ఞానం పేరుతో ఒక పద్యం ఫోనులో తిరుగుతుంది. ఎప్పుడూ జరిగిపోయిన తరువాతే. శవం లేచాక చెప్పే హెచ్చరిక ఎవరికి పనికొస్తుంది?

గండికోట (జమ్మలమడుగు):
ఇస్లాంలో ఈ విషయం సూటిగానే ఉంది. ఖురాన్ 32వ సూరా (అధ్యాయం) 21వ వాక్యం సారాంశం ఇది: పెద్ద శిక్షకు ముందు దగ్గరి శిక్షను రుచి చూపిస్తాం, వాళ్ళు మరలి రావచ్చునని. అంటే చిన్న దెబ్బలోనూ దయ ఉంది. అయితే విశ్వాసికి వచ్చే కష్టం పరీక్ష కూడా కావచ్చు, అది అతని పాపాలను కడిగేది కూడా కావచ్చు. ఫలానా ఇల్లు ఫలానా పాపానికే మునిగిందని తీర్పు చెప్పే అధికారం మనిషికి లేదు.

మా పెద్దలు వాన లేని ఏడాది ఈద్గా మైదానానికి పోయి నమాజు చేస్తారు. ఎర్రటి ఎండ, కాళ్ళ కింద కంకర. ఇమామ్ గారు భుజం మీది వస్త్రాన్ని తిరగేసి వేసుకుంటారు, కుడివైపుది ఎడమకు. మా స్థితిని ఇలా మార్చు ప్రభూ అన్నట్టు. అక్కడ వాన అడగడానికి ముందు క్షమాపణ అడగాలి. తౌబాకు, అంటే పశ్చాత్తాపానికి, షరతులున్నాయి: చేసినదానికి బాధపడాలి, మానుకోవాలి, మళ్ళీ చేయనని నిశ్చయించుకోవాలి. సాటి మనిషి సొత్తు తిన్నవాడికి నాలుగోది కూడా ఉంది, తిన్నది తిరిగి ఇవ్వాలి. మొదటి మూడింటికీ అందరూ సిద్ధమే. నాలుగో దాని దగ్గరే మైదానం ఖాళీ.

బడిపంతులు (ముద్దనూరు):
బైబిల్లో ఈ ప్రశ్నే యేసు ముందుకు వచ్చింది. లూకా సువార్త 13వ అధ్యాయం. సిలోయము గోపురం కూలి 18 మంది చచ్చిపోయారు. వాళ్ళు యెరూషలేములో ఉన్న అందరికంటే ఎక్కువ అపరాధులనుకుంటున్నారా అని ఆయనే అడిగి, కాదన్నాడు. ఆ వెంటనే, మారుమనస్సు పొందకపోతే మీరందరూ అలాగే నశిస్తారన్నాడు. పాలకొండలు గారి వక్తలాంటివాళ్ళు రెండో సగమే చదువుతారు. హంద్రీ ఒడ్డు గారు మొదటి సగంతో ఆగిపోతారు. చనిపోయినవాళ్ళ మీద తీర్పు లేదు, బతికినవాళ్ళకు మినహాయింపు లేదు. రెండూ కలిపి మింగడం కష్టం.

బైబిల్లోని ప్రవక్త యోనా సంగతి కూడా చెప్పాలి. 40 రోజుల్లో నీనెవె నగరం నాశనమవుతుందని చాటాడు. రాజు సింహాసనం దిగి, గోనెపట్ట కట్టుకుని బూడిదలో కూర్చున్నాడు. నగరం బతికింది. అప్పుడు అలిగింది ఎవరు? యోనాయే! చెప్పిన ముప్పు రాలేదని. మన సభల్లో ప్రవక్తలకు కొదవ లేదు గాని, ఊరు బాగుపడితే సంతోషించేవాళ్ళు ఎందరో లెక్క చూడాలి.

చెయ్యేటి గట్టు (రాజంపేట):
ఇంతవరకూ చదువుతూ ఊరుకున్నాను. దేవుడి హెచ్చరిక ఎలా ఉంటుందో నాకు తెలియదు. మనుషులకు అందిన హెచ్చరిక మాత్రం తెలుసు. 2020 నవంబరులో నివర్ తుపాను వరదకు చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు గేటు ఒకటి దెబ్బతింది. దాదాపు ఏడాదికి, 2021 నవంబరు 19న, పైన పింఛ ప్రాజెక్టు కట్ట తెగి, ఆ నీళ్ళూ వచ్చి పడి అన్నమయ్య కట్ట కొట్టుకుపోయింది. అయిదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని ఆ తరువాత కేంద్ర మంత్రి రాజ్యసభలోనే చెప్పారు. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊళ్ళు ఆ నీళ్ళలో ఏమయ్యాయో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆ రోజు కార్తీక పౌర్ణమి. శివాలయంలో దీపాలు పెడుతున్నవాళ్ళు కూడా నీళ్ళలో పోయారు.

దీపం పెట్టినవాళ్ళు పశ్చాత్తాపపడలేదని ఎవరైనా నా ఎదుట అనగలరా?

సీడెడ్ బాబాయి:
వాళ్ళను ఎవరంటారు? ఊరంతా చేసిన పాపం కొందరికి తగిలింది అంటున్నాను. అందరమూ మారాలి.

చెయ్యేటి గట్టు:
అందరూ అంటే గేటు ఫైలు మీద సంతకం పెట్టవలసినవాడు హాయిగా ఆ గుంపులో కలిసిపోతాడు. గుళ్ళో నాతో పాటే లెంపలు వేసుకుంటాడు, ఇంటికి పోయి నిద్రపోతాడు. నీనెవెలో ముందు దిగింది రాజు. మీరు చెప్పే పశ్చాత్తాపంలో ముందు దిగేది ఎవరు?

పాలకొండలు:
ఈ మాటకు మన జిల్లాలోనే రాతి సాక్ష్యం ఉంది. పోరుమామిళ్ళ చెరువు శాసనం, 1369 నాటిది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు వేయించాడు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని. చెరువు కట్టినవాడికి వచ్చే పుణ్యం గురించి చెప్పి అక్కడితో ఆగలేదు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు చెక్కించాడు. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, ఇలాంటివి. పుణ్యం, కట్ట మరమ్మతు ఒకే రాయి మీద ఉన్నాయి. బాబాయి గారి దైవభయం నాకూ కావాలి, కాని అది కట్ట దాకా రావాలి. కట్ట వైపు చూడని పశ్చాత్తాపాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

సీడెడ్ బాబాయి:
అది కట్టించింది దైవభక్తి ఉన్న రాజేనని మరవకండి.

హంద్రీ ఒడ్డు:
భక్తితో పాటు బండ్లు కూడా తెచ్చాడు.

వేరుశనగ (అనంతపురం):
మాకు వరద ఎక్కడిది, మా హెచ్చరికంతా ఎండే. ఒక ఏడాది విత్తనం వేసి ఆకాశం చూస్తూ కూర్చున్నాం. ఊరంతా కలిసి వాన కోసం విరాటపర్వం చదివించాం. పురాణం చెప్పినాయన గొంతు బాగుంది, ఉత్తర గోగ్రహణం దగ్గర ముసలివాళ్ళు కూడా నిద్రపోలేదు. చివరి రోజు అన్నదానం. ఆశ్చర్యం, వానా పడింది. చెరువులోకి మాత్రం చుక్క చేరలేదు, నీళ్ళన్నీ రోడ్డు మీదే. చెరువుకు నీళ్ళు తెచ్చే వంకను పూడ్చి ప్లాట్లు వేశారు మరి. విరాటపర్వం చందాల పట్టీలో మొదటి పేరు ఆ ప్లాట్లు వేసినాయనదే, అన్నదానమంతా ఆయన ఖర్చే. అందరికంటే ముందు వరుసలో కూర్చుని కథ విన్నాడు, కంటతడి కూడా పెట్టాడు.

గండికోట:
నాలుగో షరతు అదే కదా. వంక వదిలేదాకా ఆయన చందా తీసుకోకుండా ఉండవలసింది.

వేరుశనగ:
అన్నా, ఆ మాట పంచాయతీలో ఒకాయన అన్నాడు. మరి భోజనాలు ఎవరు పెడతారని ఊరంతా ఆయన మీదే లేచింది.