ఆవిరి పట్టి నొక్కిన బూరుగు చెక్క వానాకాలంలో ఎందుకు ఉబ్బింది?

ప్రశ్న (పాలకొల్లు, ఫర్నిచరు పని)

నమస్కారమండి. మాది మా నాన్నగారి కాలం నుంచి వడ్రంగం. టేకు ధర మామూలు కొనుగోలుదారులకు అందడం లేదు. బూరుగు చవకే గాని, గోరుతో నొక్కితే గుంట పడే చెక్క కనుక బల్లపైకి పనికిరాదు. మెత్తని చెక్కకు ఆవిరి పట్టించి నొక్కితే గట్టిపడుతుందని విని, అంగుళంన్నర పలకను రైసు మిల్లులో ధాన్యం ఉడికించే ఆవిరిలో గంటసేపు ఉంచి, జాక్ కింద ముప్పావు అంగుళానికి నొక్కి, మర్నాటి దాకా బిగించి వదిలాను. చిత్రిక పడితే నున్నగా, బరువుగా వచ్చింది. కానీ దానితో చేసిన పీట జూలైలో జల్లు తగిలి, నాలుగు రోజుల్లో అంగుళం పావుకు ఉబ్బింది. లోపం నొక్కడంలో ఉందా, ఆవిరిలో ఉందా?

జవాబు (కాకినాడ)

నొక్కడంలో లోపం లేదండి. ఏ జాతి చెట్టయినా కణాల గోడల సాంద్రత ఘనమీటరుకు సుమారు 1,500 కిలోలే. ఎండిన బూరుగు 350 ప్రాంతంలో తూగుతుంది గనుక అందులో ముప్పాతిక వంతు ఖాళీయే. సగానికి నొక్కితే 700 దాపుకు చేరి, బరువులో టేకును అందుకుంటుంది. గోడల్లో జిగురులా పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం పొడిగా ఉన్నప్పుడు అంత తేలికగా లొంగదు గాని, తేమ పట్టినప్పుడు 80–100 డిగ్రీలకే మెత్తబడుతుంది; అందుకే మీ పలక చిట్లకుండా అణిగింది.

అయితే అణిగిన గోడలు విరగలేదు, మడతపడ్డాయంతే. చల్లారి ఆరినప్పుడు లిగ్నిన్ బిగుసుకుని ఆ మడతను పట్టి ఉంచుతుంది. తేమ చేరగానే పట్టు సడలుతుంది. అంబాజీపేట వైపు అమ్మే కొబ్బరి పొట్టు ఇటుకను నీళ్ళ బకెట్లో వేసి చూసినవారికి ఇది వివరించనక్కరలేదు. మీరు తగ్గించిన ముప్పావు అంగుళంలో అర అంగుళం తిరిగి వచ్చింది, అంటే మూడింట రెండు వంతులు.

ఇది ఆగాలంటే, బిగింపు వదలకుండానే చెక్కను అధిక పీడన ఆవిరిలో ఉంచాలి. 180 డిగ్రీల వద్ద 8 నిమిషాలు, 200 వద్ద ఒక్క నిమిషం చాలునని 1990లలో జపాన్ పరిశోధకులు చూపారు. ఆవిరి లేని పొడి వేడితో గంటలు పడుతుంది. ఆ వేడికి గోడల్లోని మరో పదార్థమైన హెమిసెల్యులోజు కొంత విరిగి, లోపలి బిగువు సడలిపోతుంది, చెక్క తేమను పీల్చుకోవడమూ తగ్గుతుంది. కానీ 180 డిగ్రీల ఆవిరి అంటే సుమారు 10 వాతావరణాల పీడనం. షెడ్డులో డ్రమ్ముతో దయచేసి ప్రయత్నించవద్దు.

జవాబు (తాళ్ళరేవు, పడవల పని)

పై జవాబుకు ఒక మాట చేర్చాలి. అంత వేడి తిన్న చెక్క రంగు నల్లబడడమే కాదు, పెళుసెక్కుతుంది; గీత పడకుండా ఆగుతుంది గాని దెబ్బకు విరుగుతుంది. బల్లపైకి సరే, బల్ల కాళ్ళకు వాడకండి. మేకు కొట్టేముందు బెజ్జం వేయకపోతే చీలడం ఖాయం.

మేము పలకను వేడి పెట్టి వంచేటప్పుడు జరిగేది వేరు. ఆవిరి పట్టిన కర్ర నార పొడవునా పాతిక శాతం దాకా అణుగుతుంది గాని, సాగేది ఒకటి రెండు శాతమే. అందుకే వంచిన కర్ర కుర్చీలకు పేరుపడ్డ ఐరోపా తయారీదారు థోనెట్ 1859 నాటి కుర్చీకి కర్రను వంచేటప్పుడు వెలుపలి వైపు ఇనుప పట్టీ బిగించాడు. మా పలకలను పడవ వంపు కర్రలే పట్టి ఉంచుతాయి. మీ పీటకు ఆ ఆధారం లేదు గదా.

జవాబు (అమలాపురం)

ఇంకో దారి ఉంది. 1940లలో అమెరికాలోని మాడిసన్ అటవీ ఉత్పత్తుల ప్రయోగశాలవారు ఫినాలిక్ రెజిన్ అనే కృత్రిమ జిగురులో నానబెట్టి నొక్కిన కాంప్రెగ్‌నూ, రెజిన్ లేకుండా వేడితోనే నొక్కిన స్టేపాక్‌నూ తయారు చేశారు. కాంప్రెగ్ నీటికి బాగా నిలుస్తుంది గాని, ఆ ఖర్చుతో టేకే కొనవచ్చునేమో. 2018లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంవారు కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైటులలో ఉడికించి నొక్కిన చెక్క ఎంతో బలమైనదే. అయితే ఆ ఉడికించిన నల్లనీళ్ళను మన కాలువల్లోకి వదలలేము.

ప్రశ్న అడిగినవారు

కృతజ్ఞతలండి. నొక్కిన ముక్క ఒకటి మిగిలి ఉంది. దాన్ని రెండంగుళాల బిళ్ళలుగా కోసి, కొన్నిటికి అన్ని వైపులా పాలిష్ పట్టించి, కొన్నిటిని అలాగే ఉంచి, రాత్రి నీళ్ళలో నానబెట్టి పగలు ఆరబెడుతూ మందం కొలుస్తాను. అప్పటిదాకా పీటను ఇంట్లోనే వాడుకుంటాము, ఎవరికీ అమ్మను.